దిండులో దుప్పటి

ఆరిన దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. ఒక్కరే అయితే ఒక మూల గడ్డం కింద నొక్కిపెట్టుకుని, రెండు చేతులూ బార్లా చాపి, కొస నేలకి తగలకుండా మునివేళ్ళ మీద నిలబడాలి. పెళ్ళైన పదిహేడేళ్ళుగా నేను గడ్డం పద్ధతిలోనే లాక్కొస్తున్నాను. ఆ ఆదివారం పొద్దున మాత్రం మా ఆయన అడక్కుండానే వచ్చి రెండో కొస పట్టుకున్నారు. ఆయన తనంతట తను ఏదైనా పట్టుకున్నారంటే వెనకాల ఏదో పని ఉందన్నమాటే. నేను నోరెత్తకుండా మూలకి మూల కలిపాను.

"రేపు కాక పై సోమవారం నుంచి అమ్మకి మోకాలి వ్యాయామాలు మొదలుపెట్టాలిట. రోజూ సాయంత్రం ఐదున్నరకి. మూడు నెలలే. నువ్వు ఆఫీసులో ఒక గంట ముందు వదలమని అడుగు. క్లినిక్ వాళ్ళకి శుక్రవారంలోగా చెప్పాలి."

"మీకు కుదరదా?"

"నా ట్రాఫిక్ సంగతి నీకు తెలీదా? అయినా ఒక్క గంటేగా!"

ఇంతలో లోపల ఫోన్ మోగింది. ఆయన తన కొస వదిలేసి వెళ్ళిపోయారు. ఉతికిన దుప్పటి సగం నేల మీద పడింది. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ బకెట్లో వేశాను.

ఆయన ట్రాఫిక్ సంగతి నాకు బాగా తెలుసు. ఆయన ఆఫీసు ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఐదింటికి బయల్దేరిన మనిషి ఏడింటికి గుమ్మంలోకి వస్తారు. వచ్చేసరికి కుడిచేతి చొక్కా అంచుకి తెల్లటి మెత్తటి పొడి అంటుకుని ఉంటుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి. చొక్కాలు ఉతికేది నేనే కాబట్టి ఆయన ఏ రోజు ఎన్ని ఆటలు ఆడారో కూడా దాదాపు చెప్పగలను. నేనెప్పుడూ అడగలేదు, అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. మగవాడు ఆలస్యంగా వస్తే దానికి ట్రాఫిక్ అని పేరు, ఆడది ఆలస్యంగా వస్తే దానికి ఇంకా పేరు పెట్టలేదు.

అందుకే నాకున్న గంట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఇంట్లో వాళ్ళ లెక్కలో ఆరింటికి. అబద్ధం చెప్పానా అంటే, చెప్పలేదు. అంతకు ముందు ఉద్యోగంలో నిజంగానే ఆరింటి దాకా ఉండేదాన్ని. నాలుగేళ్ళ కిందట ఇక్కడ చేరినప్పుడు వేళలు మారాయి, ఆ మాట నేను ఇంట్లో ఎత్తలేదు. పాత నిజాన్ని మార్చలేదు, అంతే. ఐదింటికి బయటపడి ఎదురుగా ఉన్న స్టాపులో రింగు బస్సు ఎక్కుతాను. అది ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగి సరిగ్గా గంటకి మళ్ళీ అదే స్టాపుకి వస్తుంది. అక్కడ దిగి ఇంటి బస్సు పట్టుకుంటాను. నాకు ఎడమవైపు కిటికీ సీటు కావాలి. పుస్తకం చదవను, పాటలు వినను, రేపటి కూరగాయల గురించి ఆలోచించను. మొదటి వారంలో కండక్టరు "ఎక్కడ దిగుతారమ్మా?" అని అడిగితే "ఎక్కిన చోటే" అన్నాను. ఆ తర్వాత అడగడం మానేశాడు. ఎప్పుడైనా ఇంటి నుంచి ఫోనొస్తే హారన్ వినబడకుండా ఫోన్ చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని, "మీటింగులో ఉన్నాను" అని గుసగుసగా చెప్తాను. నలభై రెండేళ్ళ మనిషిని. దొంగ సిగరెట్ తాగే కాలేజీ పిల్లాడిలా ఉంటుంది నా వాలకం.

ఇప్పుడు ఆయన అడిగింది సరిగ్గా ఆ గంటే. ఆఫీసులో వదలరని చెప్తే, ఒక పెద్దావిడ మోకాలిని నా కిటికీ సీటు కోసం బలిపెట్టినదాన్ని అవుతాను. వదిలారని చెప్తే గంట పోతుంది. మూడు నెలలే అన్నారు కానీ, మా ఇంట్లో "మూడు నెలలే" అని నా చేతికొచ్చిన పని ఏదీ మళ్ళీ వెనక్కి వెళ్ళిన దాఖలా లేదు.

"అడిగి చూస్తాను," అన్నాను లోపలికెళ్ళి.

హాల్లో కుర్చీలో కూర్చున్న అత్తయ్య తల తిప్పి చూశారు. ఏడు నెలల కిందట మోకాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడ ఆ కుర్చీలోనే ఉంటారు, చేతికర్ర పక్కన ఆనించుకుని. "నాకోసం నీ ఆఫీసులో ఎవరి కాళ్ళూ పట్టుకోకమ్మాయ్," అన్నారు. మాట మామూలుగానే అన్నారు గానీ, నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ అన్నారు. ఆ రోజు వంటింట్లోకి వెళ్తే, పై అరలో ఉండాల్సిన టీ పొడి డబ్బా గట్టు మీద ఉంది. మా ఆయన దించారేమో అనుకున్నాను. ఆయన వంటింట్లోకి వచ్చిన దాఖలా కూడా లేదని అప్పుడు తోచలేదు.

నేనేం ఉద్యోగం చేస్తానో చెప్పాలి. జనం వాడుకునే సేవలు, అంటే ఆసుపత్రులు, బస్సు డిపోలు, బిల్లులు కట్టే కౌంటర్లు, ఎక్కడ ఎందుకు మొరాయిస్తున్నాయో చూసి, అవి సాఫీగా నడిచేలా మళ్ళీ అల్లడం నా పని. మొదట్లో అత్తయ్యకి చెప్పాను, "క్యూలు ఎందుకు పెరుగుతాయో చూస్తానత్తయ్యా" అని. "క్యూలు చూడ్డానికి జీతం కూడానా? మేం ఊరికే చూసేవాళ్ళం!" అన్నారావిడ. మా ఆయనైతే బాణాల ఉద్యోగం అంటారు, నేను ఎప్పుడూ కాగితాల మీద గుండ్రాలూ బాణాలూ గీస్తుంటానని. కానీ ఆ బాణాలే నా నమ్మకం. కుళాయిలో నీళ్ళు రాకపోతే కుళాయిని తిట్టి లాభం లేదు. పైపు వెంట పైకి పోవాలి. తప్పు ఎవరిదని అడిగేవాళ్ళు కుళాయి దగ్గరే ఆగిపోతారు. ఈ పనిలో నేను మంచిదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

సోమవారం నన్నొక పెద్దాసుపత్రికి పంపారు. మూడు వందల మంచాలు. మంచాల మీద పరిచే దుప్పట్లు చాలడం లేదు. రికార్డులో పద్నాలుగు వందల దుప్పట్లున్నాయి, కళ్ళకి కనిపించేవి ఐదు వందలు దాటడం లేదు. కిందటేడు కొత్తవి మూడు వందలు కొంటే నెలన్నరలో అవీ మాయం. రోగులు కొందరు ఉత్త రెక్సిన్ పరుపు మీద పడుకుంటున్నారు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టాలి మేడమ్," అన్నాడు సూపరింటెండెంట్. "నా అనుమానం ఎవరి మీదో చెప్పెయ్యనా? గుడ్డల గది ఆవిడ. సస్పెన్షన్ కాగితం రెడీగా ఉంది. శుక్రవారం మీ రిపోర్టు రాగానే సంతకం పెడతాను."

దొంగ అన్న మాట వినగానే నాకు నా రింగు బస్సు గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

గుడ్డల గది ఆవిడని అందరూ దుప్పట్లమ్మ అంటారు. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పట్లు లెక్కబెట్టి వార్డులకి పంచడం ఆవిడ పని. యాభై అయిదేళ్ళుంటాయి, మునివేళ్ళు నీళ్ళల్లో నానినట్టు ముడతలుపడి ఉన్నాయి. చిరిగిన దుప్పట్లని ఇంటికి తీసుకెళ్ళి తనే కుట్టి తెస్తుందని ఆవిడ చెప్పలేదు. ఒక దుప్పటి అంచున రంగు తేడా దారం చూసి నేనే అడిగాను. "పారేస్తే తక్కువొస్తాయి కదమ్మా," అంది. ఆ కుట్టుపని ఏ రికార్డులోనూ లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మాత్రం ఆవిడ సంచీలో దుప్పట్లు బయటికి వెళ్ళడం రాసుకున్నారు. కుట్టినవి తిరిగి రావడం ఎవరూ రాయలేదు, లోపలికి వచ్చేవాటిని రాసే పుస్తకం వాళ్ళ దగ్గర లేదు.

అక్కడ నేనొక తప్పు చేశాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండి చేశాను. బుధవారం పదింటికి అన్ని వార్డుల్లోనూ దుప్పట్లు లెక్కపెడతామని సోమవారమే సర్క్యులర్ పంపించాను. సోమవారం నేను మామూలుగా నడిచి చూసినప్పుడు అలమరాల్లో అరవై దాకా కనిపించాయి. బుధవారం లెక్కకి పదకొండు తేలాయి. దొంగలొస్తున్నారని దండోరా వేస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఉన్నవి కూడా లోపలికి తోసేశారు. సూపరింటెండెంట్ నా వైపు ఒక చూపు చూశాడు. బాణాల ఉద్యోగం అని అతను నోటితో అనలేదు గానీ, ఆ చూపు నాకు ఇంట్లో అలవాటే.

తలకొట్టేసినట్టై ఆడవాళ్ళ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. గోడకి ఫిర్యాదుల పుస్తకం వేలాడుతోంది. ఊరికే తిప్పాను. ఒకరు ఫ్యాన్ గురించి, ఒకరు బాత్రూం గురించి, తర్వాత వరసగా దిండ్ల గురించి. "మెడ పట్టేసింది." "దిండు గట్టిగా ఉంది." "మీ వైద్యం బాగుంది, దిండు మాత్రం బండరాయి." వెనక్కి తిప్పితే నాలుగేళ్ళ కిందట దిండ్ల మీద ఫిర్యాదే లేదు. ఏడాదికేడాది పెరిగాయి. సోమవారం నుంచి బుధవారానికి తొమ్మిది. దిండ్లు మార్చారా అని అడిగితే, పదేళ్ళ నాటివే అన్నారు. పాతబడితే దిండు మెత్తబడాలి గానీ గట్టిపడుతుందా?

లోపలికెళ్ళి ఒక ఖాళీ మంచం మీద దిండు నొక్కి చూశాను. గలీబు విప్పాను. పల్చటి దూది దిండుకి అటు రెండు, ఇటు రెండు, చక్కగా ఇస్త్రీ మడతలో నాలుగు దుప్పట్లు.

వెనక నుంచి పెద్ద సిస్టర్ వచ్చి నిలబడింది. ఆ వార్డుకి హెడ్ నర్సు ఆవిడే. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, గొంతెత్తితే వార్డంతా వినబడుతుంది. ఆ పూట ఆ గొంతు బాగా తగ్గింది. "చూసేశారుగా. రాసుకోండి," అంది.

"రాసుకోను. ఎందుకు దాచారో చెప్పండి."

ఆవిడ నా చేతిలోంచి గలీబు తీసుకుని మళ్ళీ తొడుగుతూ చెప్పింది. "నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం. ఆదివారం కింద నుంచి దుప్పట్లు రావు. ఒకావిడకి ఆపరేషన్ చేసి తీసుకొచ్చారు, మంచం తడిసిపోయింది. మార్చడానికి నా దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు. నాలుగు గంటలు ఆ రెక్సిన్ మీద పడుకుంది మేడమ్. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. తప్పు నాదేనా సిస్టర్, నేను పాడు చేశాననా ఇవ్వట్లేదు, అని అడిగింది. ఆ రోజు అనుకున్నాను, నా వార్డులో ఇంకెవరి చేతా ఆ మాట అనిపించనని. మొదట ఆరు దాచాను. తర్వాత పై వార్డు వాళ్ళు కూడా దాస్తున్నారని తెలిసి పన్నెండు చేశాను. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను."

మూడు రోజులు తిరిగిన కాళ్ళకి అప్పుడు దారి దొరికింది. దొంగ లేడు. దుప్పట్లు సమయానికి రావని వార్డులు దాస్తున్నాయి. దాచినవి ఉతుక్కి వెళ్ళవు, తిరగవు, కాబట్టి గుడ్డల గదికి తక్కువ చేరతాయి. తక్కువ చేరితే సమయానికి రావు. రావు కాబట్టి ఇంకో నాలుగు దాస్తారు. గుండ్రంగా అదే చుట్టు. కొత్తవి ఎన్ని కొన్నా దిండ్లలోకే పోతాయి. తిలా పాపం తలా పిడికెడు, పాపం అనుకుంటే. పంటి డాక్టరు గదిలో, పాడైన ఎక్స్‌రే మిషను వెనక, బరువు చూసే యంత్రం పెట్టెలో, అన్నిచోట్లా ఉన్నాయి. చివరికి దుప్పట్లమ్మ కూడా మూడు డజన్లు దాచింది, ఎవరైనా పెద్ద డాక్టరు వచ్చి అరిచినప్పుడు ఇవ్వడానికి. "తిట్లు తినేది నేనే కదమ్మా," అంది. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ ఎవరినో ఒకరిని కాపాడుకుంటున్నారు.

ఆ సాయంత్రం రింగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, సగం దూరం పోయేసరికి నాకు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. నా గంట కూడా దిండులో దాచిన దుప్పటే. అడిగితే ఇవ్వరని దాచాను. దాచిన దుప్పటి లెక్కలో ఉండదు, లెక్కలో లేనిదాన్ని ఎవరైనా "ఒక్కటేగా" అని అడిగేస్తారు. నాకు ఒక గంట కావాలన్న సంగతే మా ఇంట్లో ఎవరి లెక్కలోనూ లేదు. ఇల్లంతా నేను ఆరింటి దాకా ఆఫీసుకి, ఆ తర్వాత ఇంటికి చెందుతానన్న లెక్క మీద నడుస్తోంది. ఆ లెక్క రాసిచ్చింది నేనే, నాలుగేళ్ళు నోరు మూసుకుని. ఆసుపత్రిలో ఒక్కరిని కూడా దొంగ అనడానికి ఒప్పుకోనిదాన్ని, నన్ను నేను మాత్రం నాలుగేళ్ళుగా దొంగనే అనుకుంటున్నాను. ఆ కోపంలో స్టాపు వచ్చింది కూడా చూసుకోలేదు. కండక్టరు "అమ్మా, ఎక్కిన చోటు వచ్చింది" అని పిలిచాడు.

గురువారం ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య కుర్చీలోనే ఉన్నారు, చేతికర్ర మాత్రం బాల్కనీలో బట్టలారేసే తీగకి తగిలించి ఉంది. తీసుకొచ్చి ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ కర్ర వంకా నా వంకా చూసి, "గాలికి వెళ్ళిందేమో," అన్నారు. ఆసుపత్రి లెక్కల్లో తలమునకలై ఉన్నాను, నవ్వి ఊరుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి సూపరింటెండెంట్ గదిలో వార్డుల హెడ్ నర్సులందరినీ కూర్చోబెట్టారు. దుప్పట్లమ్మని తలుపు దగ్గర నిలబెట్టారు. నేను బోర్డు మీద ఆ చుట్టు గీశాను, నాలుగే బాణాలు. ఎవరూ తల ఎత్తలేదు.

"అయితే ఏ ఏ వార్డులు దాచాయో పేర్లివ్వండి," అన్నాడు సూపరింటెండెంట్.

"ఇవ్వను సార్. పేర్లిస్తే రేపట్నుంచి దిండ్లలోంచి తీసి సీలింగులో పెడతారు. కొత్తవి కొనకండి, వెతకకండి. రేపట్నుంచి పొద్దున ఏడింటికీ మధ్యాహ్నం రెండింటికీ ప్రతి వార్డుకీ బండి వెళ్ళాలి. మంచానికొకటి చొప్పున, అడిగినా అడక్కపోయినా ఇచ్చి తీరాలి. ఆదివారం కూడా."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా ఇస్తే వీళ్ళు ఇంకా దాస్తారు మేడమ్!"

"ఆ సామెతే ఇక్కడి జబ్బు సార్. అడిగితేనే వస్తుందంటే, వచ్చినప్పుడే నాలుగు ఎక్కువ అడిగి దాస్తాం. అడక్కుండా వస్తుందని నమ్మకం కుదిరితే దాచడానికి ఎవరికి ఓపిక? కాకపోతే బండి మొదటి రోజు కదలాలంటే రెండు వందల దుప్పట్లు కావాలి. అవి ఈ గదిలో ఉన్నవాళ్ళే తియ్యాలి. ఎక్కడ నుంచి తీశారని ఎవరూ అడక్కూడదు."

నాకు అప్పుడు భయం వెయ్యలేదంటే అబద్ధం. ఎవరూ లేవకపోతే దుప్పట్లమ్మ ఉద్యోగం ఆ మధ్యాహ్నంతో సరి. సూపరింటెండెంట్ పెన్ను మూత తీశాడు.

పెద్ద సిస్టర్ లేచి బయటికెళ్ళింది. వెళ్ళిపోయిందనే అనుకున్నాను. ఐదు నిమిషాల్లో చంకలో రెండు దిండ్లతో వచ్చింది. సూపరింటెండెంట్ బల్ల మీద, ఆ సస్పెన్షన్ కాగితం మీదే పెట్టి గలీబులు విప్పింది. నాలుగు, ఇంకో నాలుగు. "ఇలాంటివి ఇంకో పదమూడున్నాయి నా దగ్గర. దుప్పట్లమ్మ దొంగ కాదు. పేరు కావాలంటే నా పేరు రాసుకోండి," అంది, ఈసారి వార్డంతా వినబడే గొంతుతో.

ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగతావాళ్ళూ లేచారు. సాయంత్రం నాలుగింటికి వరండాలో పెట్టిన బండి మీద ఆరు వందల పైచిలుకు పోగయ్యాయి. సూపరింటెండెంట్ ఆ కాగితం చించలేదు, అలాగని సంతకమూ పెట్టలేదు. సొరుగులో వేసి, "ఒక నెల చూద్దాం," అన్నాడు. చాలనుకున్నాను. దుప్పట్లమ్మ ఎవరికీ దణ్ణాలు పెట్టలేదు, ఏడవలేదు. ఒక దుప్పటి తీసి దులిపి, రెండో కొస పెద్ద సిస్టర్ చేతికిచ్చింది. ఇద్దరూ మూలకి మూల కలిపి మడతపెట్టడం మొదలుపెట్టారు. నేను కాసేపు అక్కడే నిలబడి చూశాను.

ఐదింటికి రింగు బస్సు ఎక్కాను. గంటసేపూ కిటికీలోంచి చూశాను, ఏమీ ఆలోచించలేదు. ఆలోచించాల్సింది అయిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కూర వేసుకుంటూ, "అడిగావా? వదులుతామన్నారా?" అన్నారు.

"అడగలేదు. అడగక్కర్లేదు. మా ఆఫీసు ఐదింటికే అయిపోతుంది."

"ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళ నుంచి. ఐదు నుంచి ఆరు దాకా రింగు బస్సులో కూర్చుంటాను. అది ఊరంతా తిరిగి మళ్ళీ వస్తుంది. రోజూ."

ఆయన గరిటె గిన్నెలో వదిలేశారు. "ఎవరితో?"

"కిటికీతో."

"నాలుగేళ్ళు అబద్ధం చెప్పావా? బస్సెక్కి తిరగాల్సినంత కష్టం ఏమొచ్చింది నీకు?"

"కష్టం రాలేదండీ, ఖాళీ రాలేదు. దాచడం తప్పే, ఒప్పుకుంటున్నాను. అందుకే ఇవాళ బయటపెడుతున్నాను. కానీ బయటపెట్టడమంటే ఇచ్చెయ్యడం కాదు. ఆ గంట నాది. రేపట్నుంచి అది లెక్కలో ఉంటుంది. అత్తయ్య వ్యాయామాలకి ఎవరు తీసుకెళ్ళాలో ముగ్గురం కూర్చుని చూద్దాం. వారంలో రెండ్రోజులు పొద్దున పూట నేను తీసుకెళ్తాను. సాయంత్రమైతే మాత్రం నేను లేను."

ఇంత మాట ఇంత నెమ్మదిగా అనగలనని నాకే తెలియదు. ఆయన మొహం ఎర్రబడింది. నా నాలుగేళ్ళని పక్కకి నెట్టి, అసలు సంగతికి వచ్చారు. "అయితే అమ్మ ఏమైపోవాలి? ఈ వయసులో మోకాలు పట్టుకుని కూర్చున్న మనిషిని..."

"నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదురా," అన్నారు అత్తయ్య.

కర్ర ముట్టుకోకుండా కుర్చీలోంచి లేచారు. వంటింట్లోకి నడిచి వెళ్ళారు. ముక్కాలి పీట జరిపిన చప్పుడైంది. టీ పొడి డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టారు. పై అరలోది.

"బాగై రెండు నెలలు దాటింది. మధ్యాహ్నాలు బాల్కనీలో ఇటు చివర నుంచి అటు చివరకి యాభై సార్లు నడుస్తాను. చెప్తే ఏమవుతుంది? అమ్మ లేచిందంటే పొయ్యి దగ్గరికి పంపిస్తారు. నలభై ఎనిమిదేళ్ళు నిలబడ్డాన్రా ఆ పొయ్యి ముందు. ఆపరేషన్ అయ్యాకే నాకు కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసింది. డాక్టరు కూడా నేను మూలిగితేనే వ్యాయామాలు రాశాడు." ఆవిడ నా వైపు తిరిగారు. "నా వంతు పని కూడా నువ్వే చేస్తున్నావని తెలుసమ్మాయ్. తెలిసీ కూర్చున్నాను."

నాకు కోపం కొంత ఉంది, లేదనను. ఏడు నెలలు ఆవిడకి కంచం కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చినదాన్ని. కానీ ఆ బల్ల మీద టీ పొడి డబ్బా చూస్తుంటే పెద్ద సిస్టర్ విప్పిన గలీబే కనిపించింది. "కూర్చోండత్తయ్యా. లేచినంత మాత్రాన పొయ్యి దగ్గరికి వెళ్ళాలని రూలు లేదు," అన్నాను.

ఆవిడ కూర్చుని, టీ పొడి డబ్బా పక్కకి జరిపి, "ఆ బస్సులో ఇంకో సీటుంటుందా?" అన్నారు.

"ఉంటుందత్తయ్యా. మంగళవారం రండి. మిగతా రోజులు నావి."

ఆవిడ పకపకా నవ్వారు. తర్వాత ఇద్దరం మా ఆయన వైపు చూశాం. చూడాలని చూడలేదు, చూపులు అటు పోయాయి. ఆయన కుడిచెయ్యి బల్ల మీద ఉంది, చొక్కా అంచున తెల్లటి పొడితో. మా చూపు ఎక్కడుందో గమనించి ఆ చెయ్యి నెమ్మదిగా ఒళ్ళోకి తీసుకున్నారు. "ట్రాఫిక్..." అని మొదలుపెట్టి ఆపేశారు. నేనేమీ అడగలేదు. ఎక్కడ దాచావని అడిగితే దుప్పటి బయటికి రాదని ఆ వారమే నేర్చుకున్నాను.

శనాదివారాలు ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆదివారం దుప్పటి నేను గడ్డం కిందే పెట్టుకుని మడతపెట్టాను. సగంలో అత్తయ్య వచ్చి రెండో కొస పట్టుకున్నారు.

సోమవారం ఐదింటికి బస్సెక్కాను. ఎడమవైపు కిటికీ సీటు ఖాళీగానే ఉంది. ఐదున్నర దాటాక ఫోన్ మోగింది. ఇంటి నుంచి. అత్తయ్యేమో అనుకుని తీశాను. మా ఆయన. పనిరోజున ఐదున్నరకి ఇంటి నుంచి ఆయన గొంతు వినడం పదిహేడేళ్ళలో అదే మొదలు.

"మీటింగులో ఉన్నావా?" అన్నారు అలవాటుగా. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "టీ పెడదామనుకుంటున్నాను. టీ పొడి ఎక్కడుంటుంది?"

"పై అరలో. అందకపోతే అత్తయ్యని అడగండి, దించి పెడతారు."

"నువ్వెక్కడున్నావు?"

ముందున్న లారీ కదలడం లేదని డ్రైవరు హారన్ నొక్కి పట్టుకున్నాడు. నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టలేదు.